కాగితమే లేని చోట ‘పేపర్ జామ్’ ఎందుకొస్తోంది?

ప్రశ్న: మా ఇంట్లో ప్రింట్, స్కాన్, కాపీ మూడూ చేసే ఇంక్‌జెట్ ప్రింటర్ ఉందండీ. కొన్నాళ్లుగా ఆన్ చేయగానే కార్ట్రిడ్జ్‌లు మోసే క్యారేజ్ కొంచెం కదిలి, టక్కున పక్కకి కొట్టుకుని ఆగిపోతోంది, ‘పేపర్ జామ్’ అని చూపిస్తోంది. ట్రే, వెనక మూత అన్నీ తీసి చూశాం, చిన్న ముక్క కూడా లేదు. మా అబ్బాయి కార్ట్రిడ్జ్‌లు తీసి మళ్లీ పెట్టాడు, అప్పట్నుంచి ఒక్కోసారి ‘కార్ట్రిడ్జ్ గుర్తించలేకపోతున్నాం’ అని కూడా వస్తోంది. అంతకు ముందు నుంచే ఇంక్ అయిపోయిందని గోల, రీఫిల్ చేయించినా ఆ మాట పోలేదు. లాప్‌టాప్‌లోనేమో ‘ఆఫ్‌లైన్’ అంటుంది, ఇక్కడ ప్రింటర్ లైటు వెలుగుతూనే ఉంటుంది. రిపేరు చేసే అతను ఫోన్లోనే విని బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. నిజంగా పోయినట్టేనా?

సమాధానం: పోయిందని నాకైతే అనిపించడం లేదండీ. బోర్డు పోయిన ప్రింటర్ ఇంత మాట్లాడదు. చాలావరకు లైటే వెలగదు, లేదంటే లైట్లన్నీ మిణుకుమిణుకుమంటూ ఏ బటన్ నొక్కినా పలకదు. మీది మోటారు తిప్పుతోంది, కార్ట్రిడ్జ్ ఉందా లేదా అని వెతుకుతోంది, ఏ ఎర్రర్ చూపించాలో ఎంచుకుని మరీ చూపిస్తోంది. ఈ పనులన్నీ చేస్తున్నది ఆ బోర్డే కదా. మనిషి వచ్చి చూడకుండా, ఎర్రర్ పేరు ఒక్కటే విని బోర్డు పోయిందని చెప్పేయడం నాకు నచ్చలేదు.

మీ ఉత్తరంలో నాకు పనికొచ్చింది ‘పేపర్ జామ్’ అన్న మాట కాదు. ‘కొంచెం కదిలి, టక్కున పక్కకి కొట్టుకుని ఆగిపోతోంది’ అని రాశారు చూడండి, అసలు సమాచారం అంతా అక్కడుంది.

ఎందుకంటే ఆ తెర మీద వచ్చే మాట ప్రింటర్ చూసి చెప్పింది కాదు, అనుకుని చెప్పింది. దాని దగ్గర ఉన్నవల్లా కాసిని సెన్సర్లు, లోపల దాచుకున్న కొన్ని లెక్కలు, అంతే. ఫలానా క్షణంలో ఫలానా సెన్సర్ నుంచి సిగ్నల్ రావాలి, రాలేదు. అలా జరిగినప్పుడు ఏం చెప్పాలో తయారీదారు ముందే ఒక వాక్యం రాసిపెడతాడు, మామూలుగా ఎక్కువ ఇళ్లలో ఏ కారణం ఉంటుందో ఆ కారణమే ఆ వాక్యంలో ఉంటుంది. క్యారేజ్ ఆగిపోయిందంటే ఎక్కువగా కాగితం అడ్డుపడటమే కాబట్టి, చాలా ప్రింటర్లలో అది ఏ కారణంతో ఆగినా ‘పేపర్ జామ్’ అనే వస్తుంది. మనం ఆ మాట నమ్మి లేని కాగితం కోసం గంటలు వెతుకుతాం.

అందుకని ఏం చెబుతోంది అన్నది కాసేపు పక్కనపెట్టి, ఎప్పుడు చెబుతోంది అన్నది పట్టుకోండి. ప్రింటర్ ఆఫ్ చేసి, ఇంట్లో టీవీ కూడా కట్టేసి, చెవి దగ్గరగా పెట్టి ఆన్ చేయండి. ఏదీ కదలకముందే ఎర్రర్ వచ్చేసిందా, అయితే తేడా మూత స్విచ్‌ది కావచ్చు, కార్ట్రిడ్జ్ కాంటాక్ట్‌లది (ప్రింటర్‌కి తగిలే లోహపు చుక్కలు) కావచ్చు, లోపలి లెక్కది కావచ్చు. క్యారేజ్ కదిలాక వచ్చిందా, దాని దారిలోనో దాని కొలతలోనో తేడా ఉంది. ఆన్ అవడం బాగానే అయి, కాగితం లాగబోయి రోలర్ గిర్రున తిరిగిన చప్పుడయ్యాక వచ్చిందా, అది రోలర్ సంగతి. కాగితం సగం లోపలికెళ్లాక వచ్చిందంటే కాగితాన్ని కనిపెట్టే సెన్సర్‌ని చూడాలి. ఇవేవీ కాకుండా ప్రింటర్ హాయిగా ఉండి, కంప్యూటర్ నుంచి ఇచ్చినప్పుడే తేడా వస్తుంటే అది ప్రింటర్ గొడవే కాదు. ఈ చివరిది తేల్చుకోవడానికి ఒక తేలిక దారుంది: అద్దం మీద ఏదో ఒక కాగితం పెట్టి, ప్రింటర్ మీదున్న బటన్‌తోనే కాపీ తీయండి. కంప్యూటర్ లేకుండా కాపీ వస్తే, లోపలి యంత్రం మొత్తం బాగున్నట్టే. మీది ఇప్పుడు ఆ దశ దాకా వెళ్లడం లేదు కాబట్టి ముందు ఆ ‘టక్కు’ సంగతి చూద్దాం.

క్యారేజ్ వెనకాల, ఈ చివర నుంచి ఆ చివరకి, సన్నటి పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని ఎన్‌కోడర్ స్ట్రిప్ అంటారు. ఫోటో ఫిల్మ్ ముక్కలా కాస్త బూడిదరంగులో కనిపిస్తుంది కానీ దగ్గరగా టార్చ్ వేసి చూస్తే దాని నిండా నిలువుగా సన్న గీతలుంటాయి, మామూలు కంటికి విడివిడిగా ఆనవు. క్యారేజ్ వీపున చిన్న గాడి ఉంటుంది, ఆ గాడిలోంచి ఈ పట్టీ దూరి వెళుతుంది. గాడికి ఒక వైపు కాంతి, రెండో వైపు దాన్ని పట్టే సెన్సర్. క్యారేజ్ కదులుతుంటే గీతలు కాంతిని ఆపుతూ వదులుతూ పోతాయి, ప్రింటర్ వాటిని లెక్కపెట్టుకుంటుంది. తాను ఎక్కడుందో దానికి తెలిసేది ఆ లెక్క వల్లనే. కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ గదిలో తిరిగే మనిషి అనుకోండి, మధ్యలో లెక్క తప్పితే నేరుగా వెళ్లి గోడకి గుద్దుకుంటాడు. మీ ప్రింటర్ చేస్తున్నది అచ్చంగా ఇదే అని నా అనుమానం.

ఆ పట్టీ మీద ఒక చిన్న మరక పడితే చాలు. ఇంక్‌జెట్‌లో ప్రింట్ అవుతున్నప్పుడు కంటికి కనిపించని ఇంక్ తుంపర లోపలంతా ఎగురుతూ ఉంటుంది, అది కొన్నేళ్లకి పట్టీ మీద పొరలా పేరుతుంది. క్యారేజ్ జారే కమ్మీకి రాసిన గ్రీజు కాస్త పట్టీకి అంటుకుంటుంది. కాగితం ఇరుక్కున్నప్పుడు మనమే వేళ్లు పెట్టి లాగుతూ దాన్ని ముట్టుకుంటాం. మరక ఉన్న చోటికి రాగానే గీతలు కనబడవు, మోటారుకి కరెంట్ వెళుతోంది కానీ లెక్క పెరగడం లేదు, కాబట్టి ఏదో అడ్డుపడిందని ప్రింటర్ తీర్మానిస్తుంది. లేదా లెక్క తక్కువ వచ్చి, ఇంకా చోటుందనుకుని చివరిదాకా పోయి గోడకి కొట్టుకుంటుంది. రెండింటికీ తెర మీద వచ్చేది ఒక్కటే మాట.

దీన్ని ఇంట్లోనే తుడవచ్చు, కాస్త ఓపిక ఉంటే. ఎర్రర్ వచ్చి క్యారేజ్ ఎక్కడో మధ్యలో ఆగిపోయి ఉన్నప్పుడే పవర్ తీగ ఊడదీయండి. మామూలుగా ప్రింటర్ని దాని బటన్‌తోనే ఆఫ్ చేయాలి, అప్పుడే హెడ్ (ఇంక్ చిమ్మే భాగం) తన సొంత చిన్న మూత మీదకి వెళ్లి కూర్చుంటుంది, నాజిల్స్ (ఇంక్ వచ్చే సన్నటి రంధ్రాలు) ఎండవు. కానీ ఇక్కడ మనకి క్యారేజ్ చేత్తో కదలాలి కాబట్టి ఈ ఒక్క పనికీ తీగ లాగేయడమే దారి. తీగ తీశాక మూత తెరిచి క్యారేజ్‌ని మెల్లగా అటూ ఇటూ జరపండి. ఒకవేళ అది అప్పటికే కుడి చివర తన చోట కూర్చుని లాక్ అయి ఉంటే బలవంతంగా లాగకండి, అక్కడ లాక్ విరిగితే నిజంగానే కొత్తది కొనాల్సి వస్తుంది.

అలా జరుపుతున్నప్పుడు చేతికేం తెలుస్తోందో గమనించండి. దారి పొడవునా ఒకే బరువుతో, మెత్తగా జారితే దారి శుభ్రంగా ఉంది, తప్పు పట్టీదే. ఒక చోట గట్టిగా తగిలి ఆగితే అక్కడ నిజంగానే ఏదో ఉంది. కాగితం కాకపోవచ్చు. స్టాప్లర్ పిన్ను, పెన్ను క్లిప్పు, తలపిన్ను, స్టిక్కర్ షీట్ నుంచి ఊడిన ఒక లేబుల్, ఇవన్నీ వెనక ట్రేలోంచి లోపలికి జారేవే. ట్రే తెరిచి ఉంచే ఇళ్లలో ఇది మామూలు. ఇంకోటి, కార్ట్రిడ్జ్ పూర్తిగా ‘టిక్’ మని కూర్చోకపోతే దాని తల పైకి లేచి ఫ్రేమ్‌కి తగులుతుంది, దానికి కూడా పేపర్ జామ్ అనే వస్తుంది. మీ అబ్బాయి తీసి పెట్టాడన్నారు కాబట్టి అదొకసారి నొక్కి చూడండి.

దారి బాగుంటే పట్టీకి రండి. కళ్లజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డ ఉంటుంది కదా, దాని మూలని డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపి బాగా పిండేయండి, చుక్క కారకూడదు. పట్టీని గుడ్డ మడతలో రెండు వేళ్ల మధ్య తేలిగ్గా పట్టుకుని ఒక చివర నుంచి ఇంకో చివరకి జరపండి, క్యారేజ్‌ని పక్కకి జరిపి దాని వెనకున్న భాగం కూడా. గుడ్డకి నల్లగానో జిడ్డుగానో అంటిందంటే దొంగ దొరికినట్టే. స్పిరిట్, శానిటైజర్, అద్దాలు తుడిచే ద్రావణం వాడకండి, కొన్ని పట్టీల మీద గీతలు వాటితో చెరిగిపోతాయి, అప్పుడు ఇక తుడవడానికి ఏమీ మిగలదు. పట్టీ ఒక వైపు చిన్న కొక్కేనికి, చాలా మోడళ్లలో రెండో వైపు స్ప్రింగ్‌కి తగిలించి ఉంటుంది. గట్టిగా లాగితే ఊడొస్తుంది. ఊడితే కంగారు లేదు, మళ్లీ తగిలించండి, కాకపోతే క్యారేజ్ వెనక ఆ గాడిలోంచే దూరిందా లేదా అన్నది టార్చ్ వేసి మరీ చూడండి. గాడి బయట నుంచి పోతే ప్రింటర్‌కి ఒక్క గీత కూడా కనబడదు, ఆన్ చేయగానే ఇంకా గట్టిగా గుద్దుకుంటుంది. కమ్మీ మీదున్న గ్రీజు మాత్రం తుడిచేయకండి, అది ఉండాల్సిందే.

ఇలాంటిదే ఇంకో గుండ్రటి చక్రం, గీతలున్న పారదర్శకమైన పళ్లెం, కాగితం నడిపే రోలర్ చివర ఉంటుంది. అది మురికైతే కాగితం ఎంత జరిగిందో ప్రింటర్‌కి తెలియదు. మీ సమస్య అది కాదనుకుంటున్నా, ఎందుకంటే మీకు క్యారేజ్ దగ్గరే ఆగుతోంది.

కాగితాన్ని కనిపెట్టే సెన్సర్ గురించి కూడా చెప్పాలి, నిజంగా కాగితం ఇరుక్కుని తీసేశాక కూడా ‘పేపర్ జామ్’ పోని ఇళ్లలో ఎక్కువగా దోషి అదే. కాగితం వెళ్లే దారిలో వేలిగోరంత ప్లాస్టిక్ మీట ఒకటి ఉంటుంది, కాగితం తగిలితే పక్కకి వంగుతుంది, వెళ్లిపోగానే చిన్న స్ప్రింగ్ దాన్ని మళ్లీ నిలబెడుతుంది. చిరిగిన కాగితం మూల ఒకటి దాని కింద ఉండిపోయినా, స్ప్రింగ్ తప్పుకున్నా, మీట వంగే ఉంటుంది, ప్రింటర్ దృష్టిలో లోపల ఎప్పటికీ కాగితం ఉన్నట్టే. వేలితో మెల్లగా తాకి వదలండి, తనంతట తాను టప్పున లేవాలి. లేవకపోతే దొరికింది. ఇరుక్కున్న కాగితాన్ని ఎప్పుడూ రెండు చేతులతో, అది వెళ్లే దారిలోనే, మెల్లగా లాగాలి. బయటికొచ్చిన ముక్కలన్నీ నేల మీద పేర్చి పూర్తి కాగితం అయిందో లేదో చూసుకోండి, మూల ఒకటి తగ్గిందంటే అది ఇంకా లోపలే ఉంది.

‘కాగితం లేదు’ అన్న ఎర్రర్‌కి పెద్ద కథ లేదు. ట్రే నిండా కాగితాలున్నా అలా వస్తోందంటే, రోలర్ రబ్బరు కాగితపు పొడి పట్టి నున్నగా అయిపోయి, లాగబోయి జారిపోతోంది. తడి గుడ్డతో రోలర్‌ని తిప్పుకుంటూ తుడిచి ఆరనివ్వండి. చాలావరకు అంతటితో సరి.

ఇక మీ రెండో ఎర్రర్, కార్ట్రిడ్జ్ గుర్తించలేకపోవడం. మీ అబ్బాయి తీసి పెట్టాకే మొదలైందంటున్నారు కాబట్టి, అది మొదటి సమస్యకి కొనసాగింపు కాదు, దాన్ని బాగుచేయబోతే పుట్టిన కొత్తది. ఇంటి ప్రింటర్లలో ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకోవడం చాలా మామూలు, చూసేవాళ్లకేమో యంత్రం మొత్తం పాడైపోయినట్టు అనిపిస్తుంది, టెన్షన్ పెరుగుతుంది. కార్ట్రిడ్జ్ మీద రాగి రంగులోనో బంగారు రంగులోనో చిన్న చిన్న చుక్కలుంటాయి, క్యారేజ్ లోపల వాటికి ఎదురుగా అన్నే సన్నటి పిన్నులు. రెండూ తగిలితేనే ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ని పలకరించగలదు. వేలిముద్ర జిడ్డు, రీఫిల్ చేసేటప్పుడు కారిన ఇంక్, ఏది అడ్డొచ్చినా ‘గుర్తించలేకపోతున్నాం’, ‘పాడైంది’, ‘లేదు’, ఈ మూడింటిలో ఏదో ఒకటి వస్తుంది, మూడింటికీ ఎక్కువగా అర్థం కాంటాక్ట్ దొరకలేదనే. పోగులు రాలని గుడ్డని డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండి రెండు వైపులా తుడవండి, ఆరాక పెట్టండి. కార్ట్రిడ్జ్ అడుగున ఇంక్ వచ్చే చోటు తుడవకండి, అక్కడ వేలు కూడా తగలనివ్వకండి. కొత్త కార్ట్రిడ్జ్ అయితే రంగు టేపు తీశారా లేదా అన్నది ముందు చూడాలి, నవ్వులాటకి అనడం లేదు, నిజంగానే జరుగుతుంది.

మీకు నలుపు ఒకటి, మూడు రంగులూ కలిపి ఒకటి, రెండే కార్ట్రిడ్జ్‌లుంటే, ఏది పాడైందో తేల్చడానికి కొన్ని హెచ్‌పీ మోడళ్లలో ఒక సదుపాయం ఉంది: ఒకటి తీసేసి మూత వేస్తే మిగిలిన దానితోనే ప్రింట్ చేస్తాయి. ఏది తీసినప్పుడు ఎర్రర్ పోయిందో తప్పు దానిది. క్యానన్ రెండు కార్ట్రిడ్జ్‌ల మోడళ్లలో ఇది కుదరదు, రెండూ ఉండాల్సిందే.

ఒక్కోసారి కాంటాక్ట్‌లన్నీ తళతళలాడుతున్నా ఇదే ఎర్రర్ వస్తుంది, అప్పుడది యంత్రం మాట కాదు, కంపెనీ మాట. 2016 సెప్టెంబర్ 13న హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు చాలా ఒక్కసారిగా వేరే కంపెనీల కార్ట్రిడ్జ్‌లని తిరస్కరించడం మొదలెట్టాయి, నిన్నటిదాకా పనిచేసినవే. వాడేవాళ్లకి తెర మీద కనిపించింది కార్ట్రిడ్జ్ పాడైనట్టుంది, తీసి కొత్తది పెట్టండి అన్న తరహా సందేశం. కార్ట్రిడ్జ్‌కి ఏమీ కాలేదు, ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్ వాటిని వద్దనేలా రాసి ఉంది. దీనికి పూర్తి తిరగబడ్డ కథ 2022లో జరిగింది: చిప్‌ల కొరత వచ్చి క్యానన్ తన ఆఫీసు మెషీన్లకి చిప్ లేని సొంత టోనర్లు (లేజర్ మెషీన్లలో ఇంక్ బదులు వాడే పొడి డబ్బాలు) పంపాల్సి వచ్చింది, సొంత సరుకుని సొంత మెషీనే గుర్తించలేదు, చివరికి ఆ హెచ్చరికని దాటేసి ముందుకెళ్లండని క్యానన్ జర్మనీ వాళ్లే వాడకందార్లకి చెప్పుకున్నారు. అవి లేజర్ మెషీన్లు, మీ దానికి సంబంధం లేదు, కానీ ఆ సందేశాలకి ఎంత విలువివ్వాలో తెలియడానికి చెబుతున్నాను. మీరు బయటి కార్ట్రిడ్జ్‌లు వాడుతూ, ఈ ఎర్రర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన మర్నాడు మొదలైతే, గుడ్డతో తుడిచినా లాభం లేదు.

ఇంక్ అయిపోయిందన్న గోల కూడా ఈ కోవలోదే. చాలా ఇంటి ప్రింటర్లు ఇంక్‌ని చూడవు, లెక్కపెడతాయి. హెడ్ వదిలే ఒక్కో చుక్క కొన్ని పికోలీటర్లు ఉంటుంది, పికోలీటర్ అంటే లీటరులో లక్ష కోట్ల వంతు. ఎన్ని చుక్కలు వదిలాను, శుభ్రం చేసుకోవడానికి ఎంత పారబోశాను అని లెక్కేసుకుని, ఇంత మిగిలి ఉండాలి అని చూపిస్తాయి. ఆ లెక్కని కార్ట్రిడ్జ్ మీదున్న చిప్‌లోనో, ప్రింటర్ జ్ఞాపకంలోనో రాసుకుంటాయి. మీరు సూదితో ఇంక్ నింపారు, చిప్‌కి ఆ సంగతి ఎవరు చెప్పాలి? అందుకే రీఫిల్ చేయించినా ఖాళీ అంటోంది. రంగులు నిండుగా పడుతున్నంత కాలం ఆ మాట పట్టించుకోనక్కర్లేదు. క్యానన్ ఇళ్లలో వాడే మోడళ్లు చాలావాటిలో ఈ13, ఈ16 అని ఇంక్ అయిపోయిందని చెప్పే కోడ్ వస్తే స్టాప్ బటన్‌ని కనీసం 5 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఇంక్ లెక్క చూడటం మానేసి ప్రింట్ చేస్తుంది.

ఐతే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. క్యానన్, హెచ్‌పీ ఇంటి ప్రింటర్లలో హెడ్ ఇంక్‌ని క్షణంలో వేడి చేసి, ఆ బుడగ తోపుతో చుక్కని బయటికి నెడుతుంది. హెడ్‌ని చల్లగా ఉంచేది కూడా ఆ ఇంకే. నిజంగా ఖాళీ అయ్యాక కూడా హెచ్చరిక మూసేసి ప్రింట్ కొడుతూ పోతే హెడ్ మాడిపోతుంది. గీతలు గీతలుగా రావడం మొదలైందంటే ఆపేయాలి, కార్ట్రిడ్జ్ తీసి చేతిలో బరువు చూసుకోవాలి. ట్యాంక్ ప్రింటర్ (కార్ట్రిడ్జ్ బదులు ట్యాంక్‌లో ఇంక్ పోసుకునేది) వాడేవాళ్లు తెర మీది గుర్తుని అసలు నమ్మొద్దు, ట్యాంక్‌ని కంటితో చూసి, కింది గీత దాటకముందే పోసుకోవాలి, లేదంటే గొట్టాల్లోకి గాలి పోతుంది, దాన్ని బయటికి తెప్పించడం పెద్ద పని.

ఇక ‘ఆఫ్‌లైన్’. ఇది మిగతా వాటితో కలిపి ఆలోచించకండి. ఇది అంటున్నది ప్రింటర్ కాదు, మీ లాప్‌టాప్. నేను పిలిచాను, పలకలేదు అని దాని ఫిర్యాదు. చాలాసార్లు జరిగేదేమిటంటే, రౌటర్ ఆపి ఆన్ చేసినప్పుడు ప్రింటర్‌కి కొత్త ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబర్) ఇస్తుంది, లాప్‌టాప్ ఇంకా పాత అడ్రస్‌కే వెళ్లి తలుపు కొడుతూ ఉంటుంది. ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ చేసుకోండి, లేదా తెర ఉంటే అందులోనే చూడండి, అక్కడున్న ఐపీ నంబర్‌ని లాప్‌టాప్ బ్రౌజర్‌లో కొట్టండి. ప్రింటర్ పేజీ ఒకటి తెరుచుకుందంటే వైఫై బాగుంది, ప్రింటర్ బాగుంది, లాప్‌టాప్‌లో ప్రింటర్‌ని తీసేసి మళ్లీ చేర్చుకుంటే చాలు. ఇది మళ్లీ మళ్లీ జరగకుండా రౌటర్ సెట్టింగ్స్‌లో ప్రింటర్‌కి ఆ అడ్రస్‌నే ఖాయం చేసి పెట్టవచ్చు. పేజీ తెరుచుకోకపోతే ప్రింటర్ అసలు వైఫైలో లేదు. ఇంటి ప్రింటర్లు చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే తెలుసు, రౌటర్ మార్చినప్పుడో పాస్‌వర్డ్ మార్చినప్పుడో అవి వెనకపడిపోతాయి.

విండోస్‌లో ఇంకో రెండు తమాషాలుంటాయి. ప్రింటర్ పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని పక్కన ‘కాపీ 1’ అని ఉంటుంది, మీరు ఇస్తున్నది బతికున్నదానికో కాదో చూడండి. విండోస్ 10 లాంటి పాత వాటిలో ప్రింట్ క్యూ (ప్రింట్ కోసం వరుసలో ఉన్న పనుల జాబితా) తెరిచి ప్రింటర్ మెనూలో ‘ప్రింటర్‌ని ఆఫ్‌లైన్‌లో వాడు’ అన్న దానికి టిక్ పడి ఉంటే తీసేయండి. ఎప్పటిదో ఒక జాబ్ క్యూలో ఇరుక్కుని డిలీట్ కానంటే, విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ని (ప్రింట్ పనుల్ని వరుసలో పెట్టి పంపే ప్రోగ్రామ్) ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాని లోపలున్న ఫైళ్లు మాత్రం తీసేసి, స్పూలర్ మళ్లీ స్టార్ట్ చేయండి.

మీరు అడగలేదు కానీ, తొందర్లో మీకు రాగల ఇంకో సందేశం ఉంది కాబట్టి దాని సంగతి కూడా చెబుతాను. ఇంక్ ప్యాడ్ ఆయుష్షు తీరిందనో, ఇంక్ అబ్జార్బర్ నిండిందనో వస్తుంది. క్యానన్‌లో 5బీ00, నంబర్ల తెర ఉన్న మోడళ్లలో పీ07. హెడ్ శుభ్రం చేసుకున్నప్పుడల్లా పారబోసిన ఇంక్ అడుగున ఒక దళసరి ప్యాడ్‌లోకి పోతుంది, అది ఎంత నిండిందన్నది కూడా లెక్కే, తడి చూసి చెప్పేది కాదు. లెక్క ఒక హద్దు దాటగానే ప్రింటర్ మొత్తం ఆగిపోతుంది, చూసేవాళ్లకి చచ్చిపోయినట్టే ఉంటుంది. చచ్చిపోలేదు. ప్యాడ్ మార్చి లెక్కని సున్నా చేయాలి, కొన్ని కొత్త మోడళ్లలో మనమే మార్చుకునే మెయింటెనెన్స్ బాక్స్ ఉంటుంది. ప్యాడ్ మార్చకుండా లెక్క మాత్రం సున్నా చేస్తే ఇవాళ పనిచేస్తుంది, కొన్నాళ్లకి బల్ల మీదికి ఇంక్ కారుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఊరూ పేరూ లేని రీసెట్ సాఫ్ట్‌వేర్‌లు దింపకండి, ప్రింటర్ సంగతి దేవుడెరుగు, లాప్‌టాప్‌కి వైరస్ పట్టుకుంటుంది. మాటిమాటికీ హెడ్ క్లీనింగ్ కొట్టే అలవాటుంటే తగ్గించండి, ప్యాడ్ తొందరగా నిండేది దానివల్లే, ఇంక్ పోయేది కూడా.

నిజంగా భయపడాల్సిన సందేశాలు తక్కువ. క్యానన్‌లో బీ200 అని వస్తే హెడ్‌లో కరెంట్ తేడానో వేడి తేడానో ఉందని, తీసి కాంటాక్ట్‌లు తుడిచినా పోకపోతే హెడ్ మార్చాలి, ఇంటి ప్రింటర్లలో హెడ్ ఖరీదు చూస్తే చాలాసార్లు కొత్త ప్రింటరే నయమనిపిస్తుంది. 5100 అని వస్తే మాత్రం గాభరా పడకండి, అది క్యారేజ్ కదలిక ఎర్రర్, పైన చెప్పిన పట్టీ, అడ్డం, కార్ట్రిడ్జ్ సరిగ్గా కూర్చోకపోవడం, ఇవే చూడాలి.

మీ వరకు వస్తే, ముందు క్యారేజ్ దారి, తర్వాత పట్టీ, ఆ తర్వాతే కార్ట్రిడ్జ్ కాంటాక్ట్‌లు, ఈ వరుసలోనే పోండి, ఒక్కో పని చేశాక ఆన్ చేసి చూసి ఇంకోదానికి వెళ్లండి. మూడూ ఒకేసారి కెలికితే దేనివల్ల బాగైందో, దేనివల్ల ఇంకా చెడిందో తెలియదు. ఎర్రర్లు పోయి ఆన్ అయిందంటే కంప్యూటర్ లేకుండా ఒక కాపీ తీయండి, అది వచ్చాకే లాప్‌టాప్ జోలికి వెళ్లండి. పట్టీ తుడిచి, దారి ఖాళీగా ఉండి కూడా క్యారేజ్ అదే చోట కొట్టుకుంటుంటే పట్టీ మీద గీతలే చెరిగిపోయాయో, దాన్ని చదివే సెన్సర్ పోయిందో, బెల్టు జారిందో, అప్పుడు రిపేరుకి ఇవ్వాల్సిందే. ఇచ్చేటప్పుడు పేపర్ జామ్ అని మాత్రం చెప్పకండి. ఆన్ చేసిన క్షణం నుంచి ఎర్రర్ వచ్చేదాకా శబ్దం వినబడేలా ఫోన్లో వీడియో తీసి చూపించండి, పట్టీ తుడిచానని, చేత్తో జరిపితే మెత్తగా జారుతోందని చెప్పండి. అప్పటికీ చూడకుండానే బోర్డు అంటే, వేరే మనిషిని చూసుకోండి.